పాలు కొలిచే చోట పిల్లల్నీ తూచుదాం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో సహకార సంఘాల ఇన్స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు చదవడం అయింది. బోనసు సంగతి తేలింది. ఇక మిగిలిన కొద్దిసేపూ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. సహకార శిక్షణలో డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగిని. గనుక మందుల జోలికి పోను. లెక్కలు చూసేవాడికి ఆరోగ్యం ఎలా కనిపిస్తుందో అదే చెబుతాను.

ఆరోగ్యమే మహాభాగ్యం అని మనమందరం అంటాం. అయితే ఆరోగ్యమంటే ఏమిటని అడిగితే వూళ్లో వచ్చే జవాబు ఒకటే: "మంచాన పడకుండా వుంటే చాలు, పనికి పోగలిగితే అదే ఆరోగ్యం." 1948లో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిబంధనావళిలోనే ఇందుకు భిన్నమైన మాట రాసుకుంది. జబ్బు లేనంత మాత్రాన ఆరోగ్యం వున్నట్టు కాదు, శరీరం, మనసు, నలుగురితో కలిసి బతికే బతుకు మూడూ బాగుండాలి అని దాని సారాంశం. ఇది పెద్ద చదువుల మాటగా తోచవచ్చు. కాని ఈ సంగతి మీకు ఎప్పటినుంచో తెలుసు. మనుషుల విషయంలో కాదు, గేదెల విషయంలో.

గేదె విషయంలో మన తెలివి

పూటకు మూడు లీటర్లిచ్చే గేదె ఒక సాయంత్రం రెండున్నరే ఇచ్చిందనుకోండి. అది మంచాన పడలేదు. నిలబడే వుంది, మేస్తూనే వుంది. అయినా మీరు వూరుకోరు. కుడితి తాగిందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా వుంది, పొదుగు వేడిగా వుందా అని చూస్తారు. పాలేరు మారాడా, దాణా మారిందా అని ఆలోచిస్తారు. తెల్లారేసరికి పశువుల డాక్టరుగారికి కబురు పోతుంది. అర లీటరు తగ్గితే ఇంత ఆరా! అంటే గేదె విషయంలో ఆరోగ్యమంటే పడిపోకుండా వుండటం కాదని మనకు బాగా తెలుసన్నమాట.

చూడి గేదె సంగతి చూడండి. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపి వట్టిపోనిస్తాం. ఆ రెండు నెలల్లో మామూలు మేతకు తోడు కిలో నుంచి కిలోన్నర దాకా దాణా అదనంగా పెట్టమంటారు పశువైద్యులు. దూరం తోలవద్దంటారు, జారే చోట కట్టవద్దంటారు. ఈనిన తర్వాత గంటలోపే దూడకు జున్నుపాలు తాగిస్తాం. ఆ పాలు తాగని దూడ నిలవదని మన తాతలకే తెలుసు. ఇక పాలకు తగినట్టు, రెండు రెండున్నర లీటర్లకు ఒక కిలో చొప్పున దాణా లెక్క వేస్తాం.

ఇది మంచి శాస్త్రం. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఈ శాస్త్రం గడప దాటి ఇంట్లోకి ఎందుకు పోవడం లేదన్నదే నా ప్రశ్న.

గడప లోపలి సంగతి

కొట్టంలో చూడి గేదె, ఇంట్లో నిండు గర్భిణి వున్న ఇళ్లు మీ అందరికీ తెలుసు. గేదె వట్టిపోయి నీడన నెమరు వేస్తూ వుంటుంది. ఆ అమ్మాయి నెత్తిన పచ్చిగడ్డి మోపుతో పొలంనుంచి వస్తూ వుంటుంది. గేదెకు అదనపు దాణా పడుతుంది. ఆమె అందరూ తిన్నాక, అడుగున మిగిలిన కూరతో అన్నం ముగిస్తుంది. ఇది ఎవరో దుర్మార్గంతో చేసే పని కాదు. ఆమె మీద ప్రేమ లేకా కాదు. గేదె పాలను రోజూ రెండుపూటలా కొలుస్తున్నాం, పాసుబుక్కులో రాస్తున్నాం, తగ్గితే పక్షం తిరిగేసరికి పాలబిల్లులో తెలుస్తుంది. ఆ అమ్మాయి ఒంట్లో తగ్గేదాన్ని కొలిచేవారు లేరు, రాసేవారు లేరు. లెక్కలోకి రానిది కంట్లో పడదు. ఇన్నేళ్ల తనిఖీలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్టు తేలింది. అంటే సగానికి పైగా! ఆ వెనుక వరుసలవైపు ఒకసారి తిరిగి చూసి, ఈ లెక్క మన వూరికి ఎంతవరకు వర్తిస్తుందో మీరే ఆలోచించండి. వీరిలో చాలామంది మంచాన పడరు. పాలు పిండుతారు, పేడ తీస్తారు, కలుపు తీస్తారు. కాస్త నడిస్తే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం. అడిగితే "వొంట్లో కొంచెం నీరసం, అంతే" అంటారు. గేదెకే ఆ నీరసం వస్తే మనం డాక్టరును పిలిచేవాళ్లం.

జున్నుపాల మాట కూడా ఇంతే. దూడకు గంటలోపే పట్టిస్తాం. మన బిడ్డకు మాత్రం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తల్లి తొలిపాలకు ముందు తేనె, పంచదార నీళ్లు నాకిస్తున్నారు. ఆ తొలిపాలే బిడ్డకు జున్నుపాలు. కాన్పయిన గంటలోపే పట్టాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదు. ఆ తర్వాత మెత్తని అన్నం, పప్పు, ఆకుకూర మెదిపి పెడుతూ, రెండేళ్ల వరకు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చు. పాడి వున్న ఇల్లు గనుక ఒక హెచ్చరిక: ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలకు బదులు గేదె పాలు, ఆవు పాలు పట్టకూడదు. గేదె పాలు దూడకోసం పుట్టినవి.

పాలు పోసేవారింట్లో పాలు

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన మాట ఒకటి చెబుతాను. పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది, పూర్వం పాడి వున్న ఇంటినుంచి చల్ల అడిగినవారికల్లా పోసేవారు. చల్ల అమ్ముకోవడం తప్పుగా భావించేవారు. ముంత పట్టుకుని వచ్చిన పిల్లలు వుత్త ముంతతో పోయేవారు కాదు. పాలకు గిరాకీ లేని ఆ రోజుల్లో పాడి ఇంటికి డబ్బు లేదు, అది నిజం. తర్వాత 1970లో 'ఆపరేషన్ ఫ్లడ్' పేరిట మొదలై 1996 దాకా సాగిన కార్యక్రమం పల్లె పాలకు పట్నం దారి చూపింది. పాలకు ధర వచ్చింది. ఆ డబ్బుతో పిల్లలు చదివారు, పెళ్లిళ్లయినాయి, అప్పులు తీరాయి. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాడు సహకార వుద్యోగి కాజాలడు.

కాని పాలు క్యానులోకి పోవడం మొదలయ్యాక చల్ల ముంత పోయింది. కొన్ని ఇళ్లలో పెరుగు గిన్నె కూడా పోయింది. 2023-24లో దేశంలో తలకు రోజుకు 471 గ్రాముల పాలు లభ్యమైనట్టు ప్రభుత్వ లెక్క. వినడానికి ఎంతో సంతోషం. అయితే సగటు అనేది ఎవరి గ్లాసులోనూ వుండదు. పది మందిలో ఇద్దరు లీటరేసి తాగి, ఎనిమిది మంది టీలో చుక్క వేసుకున్నా సగటు మాత్రం బాగానే వుంటుంది. ఆ పాలు పిండిన చేతికి ఎన్ని అందాయన్నది మన ఇంట్లో మనమే చూసుకోవలసిన లెక్క.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, పెద్దవారి రోజువారీ ఆహారంలో పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు వుండాలని సూచిస్తోంది. అంటే పెద్ద గ్లాసుడు. ఇద్దరు పిల్లలు, గర్భిణి లేదా బాలింత, ఒక ముసలి ప్రాణం వున్న ఇంట్లో రోజుకు లీటరు పైచిలుకు ఇంట్లోనే వుండాలన్నమాట.

"సంఘం ఇన్స్పెక్టరే వచ్చి పాలు తక్కువ పోయమంటాడేమిటి?" అని ముందు వరుసలో ఎవరో అన్నారు. సరైన ప్రశ్నే. లీటరు 60 రూపాయలనుకుంటే, రోజుకు లీటరు ఆపితే నెలకు 1,800 రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. దాణా బాకీ, గేదె అప్పు వాయిదా అన్నీ ఆ బిల్లులోంచే పోవాలి. అందుకే అందర్నీ ఒకే కొలతతో ఆపమనడం లేదు. రెండు మూడు గేదెలున్నవారు లీటరు ఆపండి. ఒక్క గేదె వున్నవారు అర లీటరైనా ఆపండి. అదీ కష్టమైతే పావు లీటరుతో మొదలుపెట్టండి. ఆ పావు లీటరు ముందు చిన్నపిల్లకు, గర్భిణికి అందాలి, తర్వాతే ఇంటి యజమాని టీకి. పాలు పడనివారు, పాలు తాగితే కడుపు వుబ్బేవారు వుంటారు. వారికి పెరుగో, మజ్జిగో చాలా వరకు సరిపోతుంది. సంఘం గుమ్మంలో రోజూ అర లీటరు తగ్గినంత మాత్రాన సంఘం మునిగిపోదు. సభ్యుడి ఇల్లు నీరసించిపోతే మాత్రం సంఘం నిలవదు.

సీసాలో బలం

ఆపని పాల డబ్బు ఎటు పోతోందో కూడా చూద్దాం. నీరసమనగానే మనవాళ్లు ముందు అడిగేది "బలానికి ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి" అని. పైనుంచి చుక్క చుక్కగా దిగుతుంటే బలం దిగుతున్నట్టే వుంటుంది. ఆ సీసాలో ఏముందో లెక్క చూద్దాం. 5 శాతం గ్లూకోజు వున్న అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు వుంటుంది. అంటే ఐదారు చెంచాల పంచదారతో సమానం. మిగిలినదంతా శుద్ధమైన నీరు. ఉప్పునీటి సీసా అయితే అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలు పట్టుకుని నోటితో ఏదీ నిలవనివారికి, ఆపరేషను అయినవారికి ఆ సీసా ప్రాణదాతే. కాని అన్నం తినగలిగిన మనిషికి బలం కోసం ఎక్కించే సీసాలో మాంసకృత్తులు లేవు, ఇనుము లేదు, సున్నం లేదు. పావు లీటరు గేదె పాలలో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఎముకలకు కావలసిన సున్నం వుంటుంది. ఇంట్లోని బలాన్ని క్యానులో పోసి, ఆ డబ్బుతో పంచదార నీళ్లు కొనుక్కుంటున్నామంటే, ఏ లెక్కల మనిషి ఒప్పుకుంటాడు?

పిల్లలకు పాలు లేకుండా, బొమ్మ వున్న పొడి డబ్బా మాత్రం కొనిపెట్టేవారున్నారు. ఆ డబ్బా మీద రాసిన మాట చదవండి. చాలా వాటి మీద పాలలో కలిపి తాగమనే వుంటుంది. పాలు లేని పొడికి ఆ డబ్బు దండగ.

అయితే పాలే సర్వస్వమని కూడా చెప్పను. పాలలో ఇనుము బహు తక్కువ. రక్తహీనత పాలతో పోదు. తోటకూర, మునగాకు, పప్పులు, రాగులు, వేరుశనగపప్పు బెల్లం, తినేవారికి గుడ్డు, మాంసం, చేప కావాలి. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలు వూరికే ఇస్తారు. గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. వాటిని పాలతోగాని, టీతోగాని మింగవద్దు, మంచినీళ్లతోనే వేసుకోవాలి. అన్నం తినగానే టీ తాగే అలవాటు కూడా తగ్గించుకోండి. తిన్న ఇనుము సగం దానితోనే వృథా అవుతుంది.

కొట్టంలోంచి వచ్చే జ్వరం

గేదె ఆరోగ్యం, మన ఆరోగ్యం వేర్వేరు కావనడానికి ఒక్క వుదాహరణ చాలు. గేదె నెలలు నిండకుండా ఈసుకుపోయిందంటే మనం దూడ పోయిందనే బాధపడతాం. దాని వెనుక బ్రూసెల్లా అనే క్రిమి వుండవచ్చు. ఆ మాయను వుత్త చేతులతో తీసినవారికి, పచ్చిపాలు తాగినవారికి ఆ క్రిమి అంటుతుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. ఏవో నొప్పులని మాత్రలు మింగుతూ గడిపేవారున్నారు. జ్వరం పోకపోతే, మా గేదె ఈసుకుపోయిందని డాక్టరుకు చెప్పడం మరవవద్దు. ఆ ఒక్క మాట రోగం కనిపెట్టడానికి దారి చూపుతుంది.

పడ్డలకు, పెయ్యలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే ఈ రోగం నుంచి రక్షణ వుంటుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పశురోగ నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు దీనినీ చేర్చారు. మాయను వుత్త చేతులతో ముట్టకండి, లోతు గోతిలో సున్నం వేసి పూడ్చండి. పాలు పొంగేదాకా కాచి తాగండి. పాలు పిండకముందు చేతులు కడుక్కునేది పాలకోసం, పిండాక కడుక్కునేది మీకోసం.

ఆనంద్‌లో చేసిన పని

ఇవన్నీ ఇంటివారు చూసుకోవలసినవే గదా, సంఘానికేమి సంబంధమని అడగవచ్చు. పాల సహకార సంఘాలకు పుట్టిల్లు గుజరాత్‌లోని ఖేడా జిల్లా. అక్కడ 1946లో ఏర్పడిన జిల్లా యూనియనుకు తొలి అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్. ఆయన 1970ల ఆరంభంలో పదవినుంచి తప్పుకున్నప్పుడు, సభ్యులు తలకొక రూపాయి చొప్పున వేసి ఆరు లక్షల రూపాయలు కానుకగా ఇచ్చారు. ఆయన ఆ డబ్బును ఇంటికి తీసుకుపోలేదు. దానితో పల్లెల్లోని తల్లులు, పిల్లల ఆరోగ్యం కోసం ఒక ధర్మసంస్థను 1975లో స్థాపించారు. ఆ సంస్థ పని తీరు గమనించదగ్గది. పెద్ద ఆస్పత్రి కట్టి రమ్మనలేదు. పాల సంఘాన్నే ఆధారం చేసుకుంది. అదే వూరి స్త్రీకి శిక్షణ ఇచ్చి, ఆమె చేతనే చిన్నపిల్లలను తూయించి, గర్భిణులను కనిపెట్టి వుండేట్టు చేసింది. పశువులకు వైద్యం గుమ్మంలోకి తెచ్చిన సంఘమే, మనుషుల సంగతీ పట్టించుకుంది. పాలు పోసే సభ్యుల రూపాయితోనే ఇది మొదలైందని మరవకండి.

మనం చేయగల పని

మనకు ఆరు లక్షలు అక్కరలేదు. ఈ సమావేశంలోనే తీర్మానించుకోగల పనులు నాలుగు చెబుతాను.

మొదటిది, నెలకొక రోజు సంఘ భవనంలో ఐదేళ్లలోపు పిల్లలను తూచి రాయడం. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త సహకారం అడిగితే వారు కాదనరు. వారి పనికి మనం చోటు, నలుగురిని పోగుచేసే సాయం ఇస్తున్నామంతే. పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. ఆరు నెలలు దాటిన పిల్లల జబ్బ చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడాలి, పదకొండున్నరకు తగ్గితే ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

రెండవది, ఏడాదికి రెండుసార్లు ఆరోగ్య కేంద్రంవారిని పిలిచి, స్త్రీ సభ్యులకు రక్తపరీక్ష, నలభై దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించడం. గేదెలకు టీకాలు వేసే శిబిరానికి ఎలా దండోరా వేస్తామో, దీనికీ అలాగే వేయాలి.

మూడవది, బోనసులోంచి, బైలాలు ఒప్పుకున్న మేరకు, కొంత మొత్తం ఈ పనికి విడిగా పద్దు రాయడం. పద్దు రాస్తే లెక్క వుంటుంది, లెక్క వుంటే నాలాంటివాడు వచ్చి అడుగుతాడు.

నాలుగవది, ఇది తీర్మానంతో అయ్యే పని కాదు, ఇంట్లో అయ్యే పని. పాలు క్యానులో పోయకముందే ఇంటి గిన్నె నింపడం. మిగిలితే వుంచుకుందామనుకుంటే ఎన్నటికీ మిగలదు. గర్భిణి వున్న ఇంట్లో గడ్డిమోపు మరొకరి తలకెత్తడం కూడా ఇందులోదే. చూడి గేదెకు ఇచ్చే రెండు నెలల విశ్రాంతిలో సగమైనా ఇంటి ఆడపిల్లకు దొరకాలని అడగడం అత్యాశ కాదు.

ఆరోగ్యాన్ని ఎక్కడో పట్నంలో, పెద్ద భవనంలో, ఖరీదైన సీసాలో వెతుక్కుంటున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఎంతైనా ఖర్చు పెడతాం, అప్పు కూడా చేస్తాం. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకునే తెలివి మనకు లేక కాదు. రోజూ కొట్టంలో ఆ తెలివినే వాడుతున్నాం. వచ్చే ఏడాది సర్వసభ్య సమావేశంలో కార్యదర్శిగారు సేకరించిన పాల లీటర్లు చదివిన తర్వాత, తూచిన పిల్లలెందరో, బరువు పెరిగినవారెందరో కూడా చదవాలి. ఆ పేజీ కూడా నేను తనిఖీ చేస్తాను.

 సహకారోద్యమం వర్ధిల్లాలి.